ప్యాకేజీ ప్రకటన నుంచి సభ ఆమోదం దాకా: కొవిడ్ కాలంలో కేరళ శాసనసభ

2020 మార్చి 19. కేరళ ముఖ్యమంత్రి పినరయి విజయన్ విలేకరుల ముందు 20,000 కోట్ల రూపాయల కొవిడ్ ప్యాకేజీ ప్రకటించారు. అప్పటికి కేంద్రం ఇంకా ఏ ప్యాకేజీనీ ప్రకటించలేదు. ఈ తేదీ, ఈ అంకె మీ నోట్సులో తప్పకుండా ఉంటాయి. అయితే దానికి ఆరు రోజుల ముందు తేదీని కూడా రాసుకున్నారా? మార్చి 13. ఆ రోజు కేరళ శాసనసభ బడ్జెట్ సమావేశాలను గడువుకు ముందే ముగించి నిరవధికంగా వాయిదా పడింది. సభ మళ్లీ కొలువుదీరింది ఆగస్టు 24న. అంటే 164 రోజుల తర్వాత, అదీ ఒక్క రోజు కోసం.

ఈ రెండు తేదీల మధ్య కాలంలోనే మహమ్మారి వచ్చింది, లాక్‌డౌన్ వచ్చింది, లక్షల మంది ఉపాధి పోయింది, ఉద్యోగుల జీతంలో కోత పడింది, ప్రభుత్వం వేల కోట్లు అప్పు తెచ్చింది. "మహమ్మారిని ఒక రాష్ట్ర శాసనసభ ఎలా ఎదుర్కొంది?" అని ప్రశ్న వస్తే మనలో చాలామంది పథకాల జాబితా రాసేస్తాం. ఆ జాబితా ప్రభుత్వం చేసిన పని. శాసనసభ చేసిన పని వేరు. ఆ తేడా తెలిసి రాసిన సమాధానానికే మార్కులు. మార్కుల సంగతి అలా ఉంచినా, మీ ఇంట్లో పింఛను మీద బతికే పెద్దవాళ్లు ఉంటే ఈ తేడా విలువ మీకు ఇప్పటికే తెలిసి ఉండాలి. ఎందుకో చివర్లో చూద్దాం.

ముందు 1897కు వెళ్దాం

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో ప్లేగు బయటపడింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 4న గవర్నర్ జనరల్ శాసన మండలి అంటువ్యాధుల చట్టాన్ని ఆమోదించింది. మొత్తం నాలుగే సెక్షన్లు. ఒకటి పేరు, పరిధి. రెండు, ప్రభుత్వానికి అవసరమనిపించిన ఏ నిబంధననైనా విధించే అధికారం. మూడు, ధిక్కరిస్తే శిక్ష. నాలుగు, ఆ చట్టం కింద సద్బుద్ధితో పనిచేసిన అధికారిపై దావా వేయకూడదన్న రక్షణ. ఎవరికి ఏ సాయం అందాలి అన్న మాట ఆ నాలుగింటిలో ఎక్కడా లేదు.

అప్పటి శాసన మండలి స్వభావమే అది. 1892 కౌన్సిళ్ల చట్టం సభ్యులకు బడ్జెట్‌పై చర్చించే, ప్రశ్నలు వేసే వీలు ఇచ్చింది; ఓటు వేసే హక్కు ఇవ్వలేదు. పుణెలో ప్లేగు తనిఖీల పేరుతో సైనికులు ఇళ్లలోకి చొరబడినప్పుడు జనం గోడు చెప్పుకోవడానికి పత్రికలే దిక్కయ్యాయి. 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చారు. అదే ఏడాది తిలక్‌పై రాజద్రోహం కేసు పెట్టి జైలుకు పంపారు. సభలో వినిపించాల్సిన ఫిర్యాదుకు సభలో చోటు లేకపోతే అది ఏ దారి పట్టిందో ఈ ఘట్టం చెబుతుంది.

స్వతంత్ర భారతం ఈ లోటును రాజ్యాంగంలో సరిదిద్దింది. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో 6వ అంశం. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అంటువ్యాధులు పాకకుండా చూడడం ఉమ్మడి జాబితాలో 29వ అంశం. రాష్ట్ర సంచిత నిధి నుంచి రూపాయి తీయాలన్నా 204వ అధికరణ ప్రకారం సభ ఆమోదించిన ద్రవ్య వినియోగ చట్టం ఉండాలి. ఒకరి ఆస్తిని తీసుకోవాలంటే 300ఎ ప్రకారం చట్టబద్ధమైన అధికారం ఉండాలి. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదని 174వ అధికరణ చెబుతుంది. ఇన్ని కట్టుబాట్లు ఉన్నా, 2020లో దేశమంతా మళ్లీ బయటకు తీసింది ఆ నాలుగు సెక్షన్ల చట్టాన్నే.

మొదటి అడుగు: ఆర్డినెన్స్

దేశంలో తొలి కొవిడ్ కేసు 2020 జనవరి 30న కేరళలోని త్రిశ్శూర్‌లో నమోదైంది. వుహాన్ నుంచి తిరిగొచ్చిన విద్యార్థినికి వ్యాధి సోకినట్టు తేలింది. నిపా వైరస్‌నూ 2018 వరదలనూ అంతకు ముందే చూసిన రాష్ట్రం కావడంతో యంత్రాంగం వేగంగా కదిలింది.

మార్చి చివరి వారంలో ప్రభుత్వం కేరళ అంటువ్యాధుల ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పటివరకు తిరువితాంకూర్, కొచ్చిన్, మలబార్ ప్రాంతాలకు వేర్వేరు పాత చట్టాలు ఉండేవి. వాటి స్థానంలో రాష్ట్రమంతటికీ ఒకే చట్టం కావాలన్నది ఉద్దేశం. సరిహద్దులు మూసే, రాకపోకలను కట్టడి చేసే, జనం గుమికూడకుండా ఆపే అధికారాలు ప్రభుత్వానికి దక్కాయి. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

సభ కూర్చోలేని సమయంలో తక్షణ అవసరం వస్తే 213వ అధికరణ కింద గవర్నర్ ఆర్డినెన్స్ ఇవ్వవచ్చు. అందులో తప్పు లేదు. సభ తిరిగి సమావేశమైన ఆరు వారాలకు అది చెల్లకుండా పోతుంది, ఈలోగా బిల్లుగా ఆమోదం పొందితే తప్ప. కేరళలో ఈ ఆర్డినెన్స్ చట్టంగా మారింది 2021లో, కొత్త సభ ఏర్పడ్డాక. ఈ మధ్యకాలంలో దాన్ని మళ్లీ జారీ చేస్తూ నిలబెట్టాల్సి వచ్చింది. ఇక్కడ రెండు తీర్పులు గుర్తుపెట్టుకోండి. బిహార్‌లో ఒకే ఆర్డినెన్స్‌ను ఏళ్ల తరబడి పదేపదే జారీ చేయడం రాజ్యాంగాన్ని వంచించడమేనని డి.సి.వాధ్వా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో కృష్ణకుమార్ సింగ్ కేసులో ఆర్డినెన్స్‌ను సభ ముందు ఉంచడం తప్పనిసరి అని తేల్చింది. మహమ్మారి కాలానికి వీటిని అన్వయించేటప్పుడు తొందరపడి తీర్పు ఇవ్వకండి. మార్చిలో ఆర్డినెన్స్‌కు ఉన్న సమర్థన ఆ తర్వాత ఏడాదికీ అంతే బలంగా ఉందా అన్నది అడగాల్సిన ప్రశ్న.

20,000 కోట్లలో ఏముంది?

ఇప్పుడు ప్యాకేజీ లోపలికి చూద్దాం. ఆరోగ్యానికి 500 కోట్లు. కుటుంబశ్రీ మహిళా సంఘాల ద్వారా రుణాలకు 2,000 కోట్లు. ఉపాధి హామీ పనులకు 2,000 కోట్లు. సామాజిక పింఛన్లు రెండు నెలలవి ముందుగానే ఇవ్వడానికి 1,320 కోట్లు. వీటితో పాటు ఉచిత తిండిగింజలు, 20 రూపాయల భోజనం. అన్నిటికంటే పెద్ద పద్దు 14,000 కోట్లు, ప్రభుత్వం అప్పటికే చెల్లించాల్సి ఉన్న బకాయిలు తీర్చడానికి.

ఒక్క క్షణం ఆగండి. 20,000లో 14,000 అంటే 70 శాతం. అది పాత బాకీ. ఆర్థిక వ్యవస్థ స్తంభించినప్పుడు బకాయిలు తీర్చడం మంచి పనే. కాంట్రాక్టరుకు డబ్బు అందితే కూలీకి కూలి అందుతుంది. కానీ బాకీ తీర్చడాన్నీ కొత్త సాయాన్నీ ఒకే మొత్తంగా చూపితే లెక్క మసకబారుతుంది. రుణం కూడా అంతే. కుటుంబశ్రీ మహిళ తీసుకున్న అప్పును ఆమే తీర్చాలి. విలేకరుల సమావేశంలో ఈ పద్దులపై ఒకటో రెండో ప్రశ్నలు పడతాయి. సభలో అయితే పద్దు పద్దుకూ చర్చ జరగాలి, కోత తీర్మానం పెట్టవచ్చు, జవాబు రికార్డులో ఉండిపోతుంది. ప్యాకేజీ ప్రకటించిన రోజు ఆ సభ తలుపులు మూసి ఉన్నాయి.

జనానికి నేరుగా చేరిన సాయాన్ని తక్కువ చేయకూడదు. ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు రంగుతో పని లేకుండా అన్ని కుటుంబాలకూ ఉచిత సరుకుల కిట్లు ఇచ్చారు. స్థానిక సంస్థలు, కుటుంబశ్రీ కలిసి సామూహిక వంటశాలలు నడిపాయి. వలస కార్మికులను కేరళ 'అతిథి కార్మికులు' అని పిలిచి శిబిరాలు తెరిచింది. ఇవన్నీ పంచాయతీల దాకా పాతుకున్న యంత్రాంగం ఉండబట్టే సాధ్యమయ్యాయి. 1990ల నుంచి వికేంద్రీకరణ కోసం ఆ రాష్ట్రం చేసిన చట్టాలే ఆ యంత్రాంగానికి పునాది. అలా చూస్తే 2020లో అన్నం పెట్టిన చేతి వెనుక పాత శాసనసభల పని కూడా ఉంది.

జీతం కోత: కోర్టు అడిగిన ఒకే ప్రశ్న

మద్యం, లాటరీ, ఇంధనం కేరళ ఖజానాకు ముఖ్యమైన ఆదాయ మార్గాలు. లాక్‌డౌన్‌తో అన్నీ ఒకేసారి పడిపోయాయి. ఏప్రిల్ తొలి వారంలో బాండ్ల మార్కెట్‌కు వెళితే 15 ఏళ్ల అప్పుకు వడ్డీ దాదాపు 9 శాతం పడింది.

ఏప్రిల్ 23న ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో నెలకు ఆరు రోజుల మొత్తం చొప్పున ఐదు నెలలు నిలిపివేస్తారు. కలిపితే సరిగ్గా ఒక నెల జీతం. 20,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి మినహాయింపు. ఉద్యోగ సంఘాలు హైకోర్టుకు వెళ్లాయి.

ఏప్రిల్ 28న కేరళ హైకోర్టు ఆ ఉత్తర్వును రెండు నెలలు నిలిపేసింది. కోర్టు పట్టుకున్న తీగ ఒక్కటే. జీతం 300ఎ కింద ఆస్తి. దాన్ని ఆపే అధికారం మీకు ఏ చట్టం ఇచ్చింది? అంటువ్యాధుల చట్టంలో ఆ అధికారం కనిపించలేదు. విపత్తు నిర్వహణ చట్టంలోనూ కనిపించలేదు. ఖజానా కష్టంలో ఉన్నంత మాత్రాన ఉత్తర్వుకు చట్టబలం రాదు.

రెండు రోజుల్లో, ఏప్రిల్ 30న, విపత్తు, ప్రజారోగ్య అత్యవసర పరిస్థితుల ప్రత్యేక నిబంధనల ఆర్డినెన్స్ వచ్చింది. నెల జీతంలో నాలుగో వంతు వరకు వాయిదా వేయవచ్చు. తిరిగి ఎలా చెల్లిస్తారో ఆరు నెలల్లోగా ప్రకటించాలి. మంత్రులు, ఎమ్మెల్యేల జీతభత్యాల్లో ఏడాదిపాటు 30 శాతం కోతకు వేరే ఆర్డినెన్స్ వచ్చింది. మే 5న ఈ ఆర్డినెన్స్‌ను నిలిపివేయడానికి హైకోర్టు నిరాకరించింది.

మొత్తం మారలేదు, ఉద్దేశం మారలేదు. వారం రోజుల్లో మారింది చట్టబద్ధత ఒక్కటే. "అయితే ఏం లాభం, జీతం ఎలాగూ ఆగిందిగా?" అని మీరు అడగవచ్చు. తేడా ఉంది. ఉత్తర్వు స్థానంలో వచ్చిన ఆర్డినెన్స్‌లో గరిష్ఠ పరిమితి వచ్చింది, తిరిగి చెల్లించే బాధ్యత అక్షరాల్లోకి వచ్చింది, సభ ముందుకు రావాల్సిన అగత్యం వచ్చింది.

ఒక్క రోజు సభ

సభ లేని నెలల్లో నిఘా బాధ్యత కోర్టుల మీద, పత్రికల మీద పడింది. కొవిడ్ సమాచారాన్ని విశ్లేషించే పనిని అమెరికా కంపెనీ స్ప్రింక్లర్‌కు అప్పగించడంపై దుమారం రేగితే, ఏప్రిల్ 24న హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వ్యక్తుల గుర్తింపు తెలియకుండా చేశాకే సమాచారం ఇవ్వాలని, ముందుగా వారి సమ్మతి తీసుకోవాలని చెప్పింది. సభ నడుస్తుంటే ఈ విషయం ప్రశ్నోత్తరాల్లోనే తేలాల్సింది.

జూలై 27న జరగాల్సిన సమావేశం కేసులు పెరగడంతో వాయిదా పడింది. చివరకు ఆగస్టు 24న ఆర్థిక బిల్లు కోసం సభ కూర్చుంది. అదే రోజు కాంగ్రెస్ సభ్యుడు వి.డి.సతీశన్ అవిశ్వాస తీర్మానం పెట్టారు. బంగారం స్మగ్లింగ్ కేసు, లైఫ్ మిషన్ ఇళ్ల పథకం, స్ప్రింక్లర్ ఒప్పందం అన్నీ అందులో ప్రస్తావనకు వచ్చాయి. ముఖ్యమంత్రి మూడున్నర గంటలకు పైగా జవాబిచ్చారు. తీర్మానం 40 ఓట్లకు 87 ఓట్ల తేడాతో వీగిపోయింది.

ఫలితం ముందే తెలిసిన ఓటింగ్ అది. అయినా అయిదు నెలలుగా ఒక్కో పత్రికా ప్రకటనలో చెదిరిపోయిన ప్రశ్నలన్నీ ఆ రోజు ఒకే చోట వినిపించాయి, వాటికి ప్రభుత్వం నిలబడి జవాబు చెప్పాల్సి వచ్చింది. లోపం కూడా అక్కడే ఉంది. అయిదు నెలల లెక్కను ఒక్క రోజులో, ఆర్థిక బిల్లుతో పాటు, అవిశ్వాసం వేడిలో తేల్చాలంటే ఉపాధి పోయిన కుటుంబం గురించి మాట్లాడే సమయం ఎంత మిగులుతుంది? ఆ మాటకొస్తే ఇది కేరళ ఒక్కదాని సమస్య కాదు. సెప్టెంబరు 14న మొదలైన పార్లమెంటు వర్షాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్నే పక్కన పెట్టారు.

ఢిల్లీ చేతిలో తాళం

రాష్ట్ర సభ ఎంత గట్టిగా కోరుకున్నా అప్పు తెచ్చుకునే స్వేచ్ఛ దానికి పూర్తిగా లేదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం 293(3) ప్రకారం కేంద్రం అనుమతి తీసుకోవాలి. 2020 మే 17న కేంద్రం ఆ ఏడాదికి రాష్ట్రాల అప్పు పరిమితిని జీఎస్‌డీపీలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచింది. పెంచిన 2 శాతంలో షరతులు లేనిది అర శాతమే. మిగతాది ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, సులభతర వాణిజ్యం, విద్యుత్ పంపిణీ, పట్టణ స్థానిక సంస్థల సంస్కరణలతో ముడిపెట్టింది.

జీఎస్‌టీ పరిహారం మరో ముడి. 2017 చట్టం ఏటా 14 శాతం వృద్ధి లెక్కన అయిదేళ్లు లోటు భర్తీకి హామీ ఇచ్చింది. 2020 ఆగస్టు 27న జీఎస్‌టీ మండలిలో కేంద్రం 2.35 లక్షల కోట్ల లోటు చూపి, రాష్ట్రాలే అప్పు తెచ్చుకోవాలన్నట్టుగా రెండు మార్గాలు ముందుంచింది. కేరళ సహా పలు రాష్ట్రాలు ఒప్పుకోలేదు. అక్టోబరులో కేంద్రమే అప్పు తెచ్చి రాష్ట్రాలకు అందించడానికి ముందుకొచ్చింది. సమాఖ్య విధానంపై మీరు రాసే ప్రతి సమాధానానికీ ఈ రెండూ పనికొస్తాయి.

రెండో ప్యాకేజీ, సభ లోపల

2021 ఏప్రిల్ ఎన్నికల్లో వామపక్ష కూటమి 140 స్థానాల్లో 99 గెలిచి తిరిగి అధికారంలోకి వచ్చింది. జూన్ 4న కొత్త ఆర్థిక మంత్రి కె.ఎన్.బాలగోపాల్ సవరించిన బడ్జెట్‌లో రెండో ప్యాకేజీ ప్రకటించారు. మొత్తం మళ్లీ 20,000 కోట్లే. ఆరోగ్యానికి 2,800 కోట్లు, జీవనోపాధి కోల్పోయినవారి చేతికి నేరుగా 8,900 కోట్లు, రుణాలూ వడ్డీ రాయితీలకు 8,300 కోట్లు.

ఈసారి ఏం జరిగిందో చూడండి. ఆ 8,900 కోట్లు కొత్తగా ఇచ్చే నగదా, లేక పింఛన్లూ బకాయిలూ కలిపిన లెక్కా అని ప్రతిపక్షం వెంటనే నిలదీసింది. ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నది అదే సతీశన్. మంత్రి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. 2020లో 14,000 కోట్ల బకాయిల పద్దుపై సభలో పడాల్సి ఉండి పడని ప్రశ్న ఇదే. సభ తెరిచి ఉంటే ప్యాకేజీ పెద్దది అవుతుందన్న హామీ లేదు, కానీ అంకె వెనుక ఏముందో జనానికి తెలుస్తుంది.

మన దగ్గర ఏం జరిగింది

ఇప్పుడు మొదట్లో వదిలిన మాటకు వద్దాం. 2020 మార్చి చివర ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కూడా జీవోల ద్వారా జీతాలు, పింఛన్లు కొంత భాగం వాయిదా వేశాయి. నెల మొదట్లో బ్యాంకుకు వెళ్లిన ఎంతోమంది రిటైర్డ్ ఉద్యోగులకు ఖాతాలో సగమే పడింది. మందుల చీటీ మాత్రం సగం కాలేదు.

తెలంగాణలో హైకోర్టు ఏ చట్టం కింద కోత పెట్టారని అడిగాక, జూన్‌లో 50 శాతం వరకు వాయిదాకు వీలిచ్చే ఆర్డినెన్స్ వచ్చింది. సెప్టెంబరులో శాసనసభ దాన్ని బిల్లుగా ఆమోదించింది. ఆంధ్రప్రదేశ్‌లో మూడు నెలల ఖర్చుకు ఓట్ ఆన్ అకౌంట్‌నే ఆర్డినెన్స్ రూపంలో తెచ్చారు. జూన్ 16, 17 తేదీల్లో రెండు రోజులు సభ జరిపి బడ్జెట్ ఆమోదించారు. వాయిదా వేసిన జీతాలకు మాత్రం చట్టం లేదు. ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి వేసిన పిటిషన్‌పై ఆగస్టు 11న హైకోర్టు ఆ జీవోలు చెల్లవని, 12 శాతం వడ్డీతో చెల్లించాలని తీర్పు ఇచ్చింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది కానీ, జీతం, పింఛను ఉద్యోగి హక్కేనన్న మాటను నిలబెట్టింది. పింఛను ప్రభుత్వం దయతలిచి ఇచ్చేది కాదని 1971లోనే దేవకీనందన్ ప్రసాద్ కేసులో అదే కోర్టు చెప్పి ఉంది.

మూడు రాష్ట్రాల్లో ఖజానా కష్టం ఒకటే. చట్టం తెచ్చిన చోట కోత నిలిచింది, తిరిగి ఇచ్చే షరతుతో. చట్టం లేని చోట వడ్డీతో సహా కట్టాల్సి వచ్చింది.

సమాధానం రాసేటప్పుడు

1897లో సభకు ఓటు లేదు. 2020లో ఓటు ఉంది, సభే లేదు. ఈ పోలికతో మొదలుపెట్టి కేరళ ఉదాహరణను మూడు మెట్లుగా రాయండి: కార్యనిర్వాహక వర్గం వేగం, న్యాయస్థానం వేసిన ప్రశ్న, ఆలస్యంగా వచ్చిన సభ. ప్రభుత్వం చేసిన మంచిని మంచి అనే రాయండి, లోటును లోటు అనే రాయండి. ఏదో ఒక పక్షం వహిస్తే సమాధానం రాజకీయ ప్రసంగం అవుతుంది. సూచనల భాగంలో మూడు మాటలు చాలు: ఆన్‌లైన్‌లోనైనా స్థాయీ సంఘాలు సమావేశమయ్యేలా సభా నియమాలు మార్చడం, ఆర్డినెన్స్‌లను తొలి సమావేశంలోనే చర్చకు పెట్టడం, ప్యాకేజీల్లో బకాయిలు, రుణాలు, కొత్త ఖర్చు వేర్వేరుగా చూపడం.

రేపు మీరు కలెక్టరేట్‌లో కూర్చున్నప్పుడు మరో విపత్తు రావచ్చు. "అత్యవసరం, సంతకం పెట్టండి" అంటూ ఒక ఫైలు మీ ముందుకు వస్తుంది. సంతకానికి ముందు ఆ హైకోర్టు అడిగిన ప్రశ్ననే మీరూ వేసుకోండి: ఈ అధికారం ఏ చట్టం ఇచ్చింది?

సాధన ప్రశ్న: "విపత్తు సమయంలో శాసనసభ సమావేశం కావడం లాంఛనం కాదు, సహాయ చర్యల్లో భాగమే." కొవిడ్ కాలపు రాష్ట్రాల అనుభవాల ఆధారంగా చర్చించండి. (250 పదాలు)